పురుగు పండేదాకా

ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు: ఆ యేడు మా పట్టుపురుగులన్నీ చచ్చిపోవాలని కోరుకున్నాను.

మాది సాదలి, కన్నడ సీమలో తెలుగు మాట్లాడే ఊరు. అమ్మకు రక్తపోటు. చింతామణి డాక్టరు ఎన్ని మాత్రలిచ్చినా దిగేది కాదు. దిగలేదని ఆయన ఇంకో మాత్ర కలిపేవాడు. పురుగులు ఇంట్లో ఉన్నన్నాళ్లూ అమ్మ మాత్రలు ముట్టదని ఆయనకు తెలియదు. పురుగుకు ఘాటు పడదని ఆ రోజుల్లో మేము పోపు కూడా పెట్టేవాళ్లం కాదు. మందు మింగితే ఆ వాసన చెమటలోకి వస్తుందని, ఆ చేత్తో ఆకు వేస్తే పురుగు మేత మానేస్తుందని అమ్మ నమ్మకం. ఒక పంట పట్టుగూళ్లు అమ్మి, ఇల్లు కడిగి, మళ్లీ గుడ్లు తెచ్చేలోపు దొరికే కొద్ది రోజులే మాత్రలకు మిగిలేవి.

ఒకసారి డాక్టరు, రోజూ మింగుతున్నావా అని అడిగాడు. అమ్మ తలూపింది. పరాయివాళ్ల ముందు నోరు విప్పని నేను, నేల చూస్తూ, ఉన్న సంగతి కన్నడంలో చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. మాత్ర వాసన చెమటలోకి రాదనీ, ఇలా ఆపుతూ పోతే తలలో నరం తెగొచ్చనీ నిదానంగా చెప్పాడు.

బస్సులో అమ్మ మందుల చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. తర్వాత, "ఆయప్ప ఏ పొద్దైనా పురుగుకు ఆకు ఏసినాడా? నువ్వేమో పుస్తకాలు చదివేదానివి, నీకు ఆ మాటలే రుచి," అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆ పంటలో పురుగులు నాలుగోసారి కుబుసం విడిచి, వాన కురిసినట్టు చప్పుడు చేస్తూ మేస్తున్నాయి. అమ్మ తలనొప్పికి నుదుట గుడ్డ బిగించి కట్టుకుని ఆకు వేసేది. పొద్దున్నే మాత్ర పట్టుకుని ఎదురుగా నిలబడితే, పురుగు పండనీ, ఆ రోజే మొదలుపెడతానని పంపేసేది. ఇవి చస్తే అమ్మ మాత్ర మింగుతుంది కదా అని రోజూ తట్టల్లో జబ్బు కోసం వెతికేదాన్ని. ఒక్క తట్టలోనైనా జబ్బు కనిపించలేదు.

ఒక ఉదయం పురుగులు పండాయి: పసుపుపచ్చగా మారి తలలెత్తాయి. అవి గూడు అల్లుకోవడానికి చంద్రికలనే వెదురు తడికెల మీదికి అమ్మ ఒక్కొక్కటే ఏరి వేసింది. పని అయ్యాక గోడకు ఆనుకుని కూర్చుని నన్ను పిలిచింది. నేను మాత్రా నీళ్లూ తెచ్చేసరికి ఆమె నోరు వంకరపోయింది. చెంబు అందుకోవడానికి చెయ్యి లేవలేదు. చంద్రికల నుంచి గూళ్లు తీసేదాకా బతికింది గాని, మళ్లీ మాట రాలేదు. నేను నీళ్లకు వెళ్లేముందు, చంద్రికల వైపు చూస్తూ, నాతో అన్నదే చివరిమాట:

"పండినాయి గదమ్మా. ఇంక తే, ఆ మాత్ర."