మూడో రోజు రిపోర్టు

స్పిరిట్ దూది వాసన తగిలితే చాలు, పలాసలో రక్తపరీక్షల ల్యాబు నడిపిన దమయంతి మేడమ్ గుర్తుకొస్తారు. వెంటనే ఒళ్లు మండుతుంది కూడా. ఆవిడ మీద కాదు, నా నోరు మూయించినవాళ్ల మీద, మూసుకుని కూర్చున్న నా మీద. నందిగాం దగ్గర భూములున్న ఇంటికి కోడలిగా వెళ్లాను. మూడేళ్లయినా కడుపు పండలేదు. ఎక్కడో చేయించిన హార్మోన్ల పరీక్షలో అంకెలు ఎక్కువగా వచ్చాయి. అండాలు అయిపోయాయని అత్త ఊరంతా చాటింది. మా ఆయనకు రెండో సంబంధం వెతకడం కూడా మొదలైంది.

ఆఖరుసారి చూద్దామని మేడమ్ దగ్గరికి తీసుకెళ్లారు. "ముట్టయ్యి ఎన్ని రోజులైందమ్మా?" అని ఆవిడ నన్నడిగితే, "మూడో రోజు" అని అత్త జవాబిచ్చింది. మేడమ్ సూది పక్కన పెట్టేశారు. "నానడిగింది మిమ్మల్ని కాదు, ఆ పిల్లని. ఏటమ్మా, నోరు లేదేటి నీకు?" అన్నారు. "పదమూడో రోజండి" అన్నాను. మొదటి పరీక్షకూ నన్ను పదమూడో రోజునే తీసుకెళ్లి, మూడో రోజని అత్తే చెప్పింది. అత్త తొణకలేదు. "బయటున్న కోడల్ని మూడో రోజున గడప ఎలాగ దాటిత్తామండి? తలంటి, మంచిరోజు సూసి తెచ్చాం. ఆచారం, సాంగ్యం లేదేటి?" అంది.

మేడమ్ నా వైపే తిరిగి చెప్పారు. "సూడమ్మా, అండాల లెక్క తెలవాలంటే ఈ పరీచ్చ ముట్టు మూడో రోజునే సెయ్యాలి. నెల మధ్యకొచ్చేసరికి ఈస్ట్రోజన్ పెరుగుతాది. అది పిట్యూటరీ గ్రంథిలో కొన్ని జన్యువుల్ని లేపుతాది. గ్రంథికి కొత్త సెవులు మొలిసినట్టు రిసెప్టర్లు ఎక్కువవుతాయి. మెదడు కాసింత కబురెట్టినా అది గట్టిగా పలుకుతాది, అంకెలు పెరిగిపోతాయి. అది రోగం కాదు, ఆ రోజు తీరే అంత. పదమూడో రోజు రక్తానికి మూడో రోజు కొలత ఎట్టి పిల్లని గొడ్రాల్ని సేసేత్తారా? మూడో రోజున నువ్వొక్కర్తివే రా. నా గడపకి మైల లేదు." ఆ రోజు రక్తం తీయనే లేదు.

మరుసటి నెల మూడో రోజున ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కాను. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. సాయంత్రం రిపోర్టు అందిస్తే అత్త చేతులు వెనక్కి లాక్కుంది. బయటున్నదాని చేతి కాగితమట! అబద్ధపు రిపోర్టును ఇంటింటికీ తిప్పిన చేతులు నిజాన్ని తాకితే మైలపడతాయా? వీధి అరుగు మీద నిలబడి, ఇరుగుపొరుగుకు వినబడేలా ఒక్కో అంకె చదివాను. రెండో సంబంధం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మేడమ్ ఇప్పుడు లేరు. ఆ తరువాత నాకు పిల్లలు పుట్టారా అని మీకూ అడగాలనిపిస్తుంది. నేను చెప్పను. నా ఒంటి సంగతి ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో తేల్చుకోవలసింది నేనే.