యాభై రెండు పళ్ళ మొక్కు

కొత్త ఉద్యోగం, ఒంటరి గది, చేతిలో మొదటి జీతం. ఆ రోజుల్లో మనిషికి సలహా చెప్పడం దండగ. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో పనికి చేరిన కొత్తలో నేనూ అలాగే ఉండేవాణ్ణి. సత్యవేడులో అద్దెకుంటూ, మా పెదనాయన కాలేజీకి తొక్కిన పాత రేసు సైకిలును తెచ్చుకుని బాగు చేయించాను. అన్నీ కుదిరాయి గానీ, పెడళ్ళ దగ్గర చైను తిప్పే పళ్ళ చక్రం బాగా అరిగిపోయింది. దాని బదులు ఎన్ని పళ్ళది వేయించాలన్నదే ప్రశ్న. తక్కువైతే మిట్టలు సులువుగా ఎక్కవచ్చు. ఎక్కువైతే చదును దారిలో బండి దూసుకుపోతుంది, మిట్టలో మాత్రం ప్రాణం తీస్తుంది.

తిరుపతిలో ఉండే మా బావ (అక్క భర్త, ఆయనకూ సైకిలు పిచ్చే) ఫోనులో, "ముప్పై నాలుగు పళ్ళది ఏయించుకోప్పా. పుత్తూరు దాటినాక మిట్టలుండాయి, సూసుకో" అన్నాడు. "అది ముసలోళ్ళకు బావా" అని యాభై రెండు పళ్ళది వేయించాను. (ఫోటోలో పళ్ళెంలా మెరుస్తుందని. ఇంకే కారణమూ లేదు.)

వెంకన్న మొక్కులు తీర్చుకునే పెరటాసి నెలలో ఒక శనివారం తిరుపతికి బయల్దేరాను. దారి పొడవునా పసుపు బట్టలు కట్టి కొండకు నడిచిపోయే జనం. వాళ్ళను దాటిన ప్రతిసారీ నా మెడ కాస్త నిక్కింది. పుత్తూరు దాటాక మిట్ట వచ్చింది. పెడలు కిందికి దిగనంది. పళ్ళు కొరుకుతూ వంకర్లు తిరుగుతుంటే, వట్టి కాళ్ళతో కుంటుతున్న ఒక అవ్వ నన్ను దాటిపోయింది. నాలుగడుగులు పోయి వెనక్కి చూసింది. నేను సైకిలుతో సహా మెల్లగా పక్కకు ఒరిగి పడ్డాను.

అవ్వ లేవదీసి, తన సీసాలోని మజ్జిగ తాగించింది.

"ఏం మొక్కు నాయనా, ఇంత కష్టపడి తొక్కతా ఉండావు?"

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే చుట్టూ చేరినవాళ్ళు చేతులు జోడించారు. సిగ్గు లేకుండా తల ఊపాను.

"నా కాళ్ళు బొబ్బలెక్కినాయి. మావోళ్ళు ఈడనే బస్సెక్కిచ్చి ఇంటికి పంపిస్తామంటా ఉండారు" అంటూ ఆమె కొంగు ముడి విప్పి పసుపు గుడ్డ మూటను నా చేతిలో పెట్టింది. "నా ముడుపు హుండీలో ఎయ్యి నాయనా. నువ్వు మొక్కినోడివి, నువ్వేస్తే నేనేసినట్టే. కొండ మాత్రం నడిచే ఎక్కు."

ఆ మూటను జేబులో పెట్టుకుని మిగతా దారి ఎలా తొక్కానో తెలీదు. తిరుపతి చేరాక, జరిగింది విని బావ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మొక్కు అబద్ధమైతే మాత్రం, ఒప్పుకున్నది నువ్వే కదప్పా. పో" అని అలిపిరి మెట్ల దగ్గర వదిలి వెళ్ళాడు. ఒక్కో మెట్టూ మోకాళ్ళతో తగాదా పడుతూ ఎక్కాను. స్వామి ముందు చెప్పాల్సినది దారంతా వల్లె వేశాను: ఇది ఆ అవ్వది, నేను అబద్ధమాడాను, ఆమె కాళ్ళు బాగుచెయ్యి. తీరా ఎదురుగా నిలబడ్డాక, గుడివాళ్ళు "జరగండి, జరగండి" అని తోస్తుంటే, నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే: "సామీ, మోకాళ్ళు."

అవి నా మోకాళ్ళే. ముడుపు హుండీలో వేస్తుంటే ఏడుపొచ్చింది. ఆమె పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత ముప్పై నాలుగు పళ్ళ చక్రమే వేయించాను. ఇప్పుడు ఆ మిట్టను ఈల వేస్తూ ఎక్కగలను. కానీ పెరటాసి శనివారాల్లో అక్కడికి రాగానే దిగి, చెప్పులు విప్పి హ్యాండిలుకు తగిలించి, సైకిలు నెట్టుకుంటూ ఆ జనంతో కలిసి నడుస్తాను. మొన్న కూడా ఒకామె అడిగింది, "సైకిలు పెట్టుకోని నడస్తా ఉండావే, సెడిపోయిందా?" అని.

"లేదమ్మా, మొక్కు" అన్నాను.