నాలుగు కాలేజీల త్రోబాల్

పెళ్లై షార్జా వచ్చిన కొత్తలో ఇంట్లో ఒంటరిగా కూర్చోలేక దుబాయ్‌లో ఒక చిన్న కాలేజీలో ఎంబీఏ చేరాను. ఆటస్థలం లేని కాలేజీ అది. అమ్మాయిలం త్రోబాల్ ఆడదామంటే పోటీకి ఎవరూ లేరు. షార్జా, అజ్మాన్, అల్ ఐన్‌లలో అలాంటి కాలేజీలే ఉన్నాయని తెలిసి, ఫోన్లు చేసి, 2003లో నాలుగు జట్లతో లీగ్ మొదలుపెట్టాం. శుక్రవారం సాయంత్రాలు ఒక స్కూలువాళ్లు తమ సిమెంటు కోర్టు ఇచ్చేవారు.

జట్టుకు ఏడుగురు కావాలి. ఒకరిని ఇంట్లో పంపేవారు కాదు, ఇంకొకరి బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కునేది. అందుకని మాలో ఒక పద్ధతి ఏర్పడింది. అవతలి జట్టుకు మనుషులు తక్కువైతే ఇవతలి జట్టు ఇవ్వాలి. అలా వెళ్లిన పిల్ల సొంత జట్టు మీదే నిజాయితీగా ఆడాలి. ఆట మాత్రం ఆగకూడదు. మూడో ఏడాదికి కోర్టు గోడ పొడవునా తల్లులూ చెల్లెళ్లూ కూర్చుని చూసేవారు. అల్ ఐన్ వాళ్లు బస్సులో ఖర్జూరాలు తెచ్చేవారు.

తర్వాత అద్దెలు పెరిగాయి. చాలామంది కుటుంబాలను ఇండియా పంపేశారు. వాళ్లతోపాటే అమ్మాయిలూ వెళ్లిపోయారు. ముందు అల్ ఐన్ జట్టు పోయింది, ఆ మరుసటి ఏడు అజ్మాన్. ఇక మిగిలింది షార్జావాళ్లూ మేమూ.

2008 నాటికి నాకు పాప. చదువు అయిపోయినా మా జట్టుకు కోచ్‌గా వెళ్తూనే ఉన్నాను. మా ఆయన అబుదాబి సైటులో ఉండేవారు. పాపకు ఒళ్లు వెచ్చబడిందేమో, పాలు చాలడం లేదేమో అని వారమంతా భయంతోనే గడిచేది. శుక్రవారం ఆ గోడ దగ్గర నలుగురూ పాపను ఎత్తుకుని ఆడిస్తుంటే గుండె కాస్త కుదుటపడేది. లీగ్ పోతే నాకు వెళ్లడానికి ఇంకో చోటు లేదు.

వచ్చే ఏడు కోర్టూ బస్సూ ఏర్పాటు చేయాలా వద్దా తేల్చడానికి మా కాలేజీ మేనేజరు ఫైనల్ చూడ్డానికి వచ్చారు. తెలుగాయనే. షార్జా కెప్టెన్ నెల్లూరు అమ్మాయి, పరుగున నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, మావాళ్లు నలుగురే వచ్చినారు. ముగ్గుర్ని ఇయ్యక్కా."

"మావాళ్లే తొమ్మిదిమంది. ముగ్గుర్నిస్తే ఆరుగురే మిగుల్తారు."

"అయితే నువ్వు దిగు. పాపను మా అమ్మీ చూసుకుంటాది. కోచ్ అని చెప్పుకొని ఎన్నాళ్లు కూర్చుంటావు?"

దిగాను. మేమిచ్చిన అమ్మాయిలే మమ్మల్ని ఓడించారు. గోడ దగ్గర ఒకటే నవ్వులు. ఆట ఆగలేదు, గట్టెక్కామనుకున్నాను.

మేనేజరు మాత్రం నవ్వలేదు. "రెండు టీములెక్కడున్నాయి మేడం? షార్జా తరఫున ఆడినవాళ్లలో ముగ్గురు మన పిల్లలే. మీరు స్టూడెంటే కాదు. ఒక టీముకి లీగేంటి? ఇంక ఖలాస్."

ఇది మా పద్ధతి సార్, మొదటి నుంచీ ఇంతే, అన్నాను. నాలుగు జట్లున్న రోజులు ఆయన చూడలేదు. అప్పుడు అది మర్యాద. ఇప్పుడు ఆయన కళ్లకు అది లోటుగా కనిపించింది. తప్పు పట్టలేకపోయాను.

నెల్లూరు అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే అక్కా, ఫోన్ చేస్తా" అంది. వేసవిలోపే వాళ్లూ ఊరెళ్లిపోయారు.

ఫైనల్ అయిన మరుసటి శుక్రవారం సాయంత్రం పాపకు గౌను తొడిగి, పాలసీసా సంచిలో పెట్టాక గుర్తొచ్చింది, ఇక ఆట లేదని. పాప తలుపు వైపు చేతులు చాచింది. లిఫ్టులో కిందికి దిగాం. కొట్టు దాకా నడిచి, అవసరం లేకపోయినా ఒక బ్రెడ్డు కొని, మళ్లీ పైకి వచ్చేశాం.