వెనక్కి తిరిగి చూడటం మళ్లీ నేర్చుకున్నాను

ఆ ఉదయం మా జహీరాబాద్ స్కూల్ గ్రౌండ్‌లో ఒక్కదాన్నే బంతిని గోడకేసి కొడుతున్నాను. సీజన్ అయిపోయి సెలవులకు ఇంటికొచ్చిన రోజులవి. అంతకు ముందు వారం జలుబు చేసి తగ్గింది, అంతే. బంతి గోడకు తగిలి తిరిగొచ్చేలోపు అలవాటుగా ఎడమ భుజం మీదుగా వెనక్కి చూశాను. గ్రౌండ్ అంతా ఒక పక్కకు జారిపోయింది. కింద కూలబడి గడ్డిని రెండు చేతులా పట్టుకున్నాను. అయినా పడిపోతున్నట్టే ఉంది. కళ్లు మూసుకున్నా తిరగడం ఆగలేదు. అక్కడే వాంతి చేసుకున్నాను.

నేను ఫుట్‌బాల్ ఆడి బతికే మనిషిని. ఝరాసంగం దగ్గర పల్లెలో పుట్టి, బడిలో మగపిల్లలతో ఆడి, జిల్లా, రాష్ట్రం దాటి, బెంగళూరులో ఒక మహిళల క్లబ్‌కు మిడ్‌ఫీల్డర్‌నయ్యాను. ఆట తెలియనివాళ్ల కోసం ఒక మాట. మిడ్‌ఫీల్డర్ మైదానం నడిమధ్యలో ఉంటుంది. ఎదురు నుంచే కాదు, వెనక నుంచీ పక్కల నుంచీ అవతలి జట్టువాళ్లు మీద పడతారు. అందుకే బంతి కాలికి అందకముందే తల తిప్పి చుట్టూ చూసుకోవాలి. చూసుకోని మిడ్‌ఫీల్డర్ దగ్గర బంతి నిలవదు.

గ్రౌండ్ వాచ్‌మన్ ఫోన్ చేస్తే మా ఆయన శ్రీకాంత్ ఆటో తెచ్చాడు. ఇంటి ముందు దిగుతూనే మళ్లీ వాంతి. పక్కింటి సుగుణక్క చూడనే చూసింది. ఇంకేముంది!

"నాగమ్మక్కా, జర చక్కెర తీస్కరా! నీ కోడలు కక్కుకుంటున్నది!"

నాగమ్మ మా అత్తమ్మ. ఆమె ముఖం ఎంత వెలిగిపోయిందంటే, తల గిర్రున తిరుగుతున్నా నాకు జాలేసింది. దవాఖానలో చేసిన మొదటి పరీక్ష కూడా అదే, కడుపా కాదా అని. కాదని తేలింది. అయినా ఆ సాయంత్రం అత్తమ్మే నా ముఖం కడిగి, గంజి తాగించింది.

ఆ దవాఖానలోని డ్యూటీ డాక్టర్‌కు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. గ్యాస్ అనో, బలహీనత అనో చెప్పి పంపేయలేదు. టార్చి వేసి నా కళ్లలోకి చాలాసేపు చూశాడు. "బీపీ, షుగర్ మంచిగనే ఉన్నయి. గాని కండ్లు ఒక పక్కకు కొట్టుకుంటున్నయి. లేట్ చెయ్యకుండ హైదరాబాద్‌ల ఈఎన్‌టీకి చూపెట్టుండ్రి" అన్నాడు.

హైదరాబాద్‌లో ఈఎన్‌టీ డాక్టర్ నా తలను రెండు చేతుల్లో పట్టుకుని, "నా ముక్కునే చూస్తూ ఉండండి" అని చటుక్కున పక్కకు తిప్పారు. కుడికి తిప్పితే నా చూపు ముక్కు మీదే నిలిచింది. ఎడమకు తిప్పితే తలతోపాటే పోయి, మళ్లీ వెనక్కి గెంతింది. స్ట్రోక్ కాదని రూఢి చేసుకోవడానికి ఎమ్మారై తీశారు. అది బాగానే ఉంది.

"వెస్టిబ్యులర్ న్యూరైటిస్. ఎడమ చెవి లోపల బ్యాలెన్స్ నర్వ్ దెబ్బతింది, వైరస్ వల్ల కావచ్చు. ప్రాణభయం లేదు" అన్నారు. కొన్నాళ్లు స్టెరాయిడ్లు రాశారు. తల తిరగడానికి ఒక మాత్ర రాసి, "ఇది మూడు నాలుగు రోజులే. తర్వాత లేచి తిరగాలి" అని చెప్పారు.

"నేను మళ్లీ ఆడగలనా సార్?"

"మెదడు సర్దుకుంటుందమ్మా. చాలామందికి సర్దుకుంటుంది."

ఆ 'చాలామందికి' అన్న మాట పట్టుకునే ఇంటికొచ్చాను. ఆయన చెప్పిన మిగతావన్నీ దారిలోనే మరిచిపోయాను.

మూడు నాలుగు రోజుల మాత్రను వారాల తరబడి మింగాను. వేసుకుంటే కాస్త నిమ్మళంగా ఉండేది మరి. మెడికల్ షాపువాళ్లు అడిగింది లేదు, నేను చెప్పింది లేదు. అది చాలదన్నట్టు రాయికోడ్ నుంచి మా చిన్నమామ చూడటానికి వచ్చాడు. "గిది మెడ నరాల బీమారే బిడ్డా. నాకు గూడ గిట్లనే అయింది" అంటూ తన సంచిలోంచి మెడపట్టీ తీసి స్వయంగా నాకు కట్టిపోయాడు. పాపం, ఆయన ప్రేమకు వంక పెట్టలేను. పట్టీ ఉంటే తల కదలదు, కదలకపోతే తిరగదు. ఎంత హాయిగా ఉందో! తగ్గిపోయిందనే అనుకున్నాను.

క్లబ్ క్యాంపుకు పోయి పట్టీ తీసి మైదానంలో దిగాక తెలిసింది. పరిగెత్తగలను, తన్నగలను. కానీ తల తిప్పాల్సి వస్తే మనిషంతా తిరుగుతున్నాను, ఎడ్లబండి మళ్లినట్టు. ఆ లోపు ఎవరో ఒకరు వెనక నుంచి వచ్చి బంతి తన్నుకుపోతున్నారు. ఒకమ్మాయి వేగంగా వచ్చి గుద్దితే చూసుకోలేక బోర్లా పడ్డాను.

మా కోచ్ పక్కకు పిలిచారు. "నీ కాళ్లకేం కాలేదు. నువ్వు చుట్టూ చూడటం మానేశావు. ఇలా ఆడిస్తే నీకు దెబ్బ తగులుతుంది" అన్నారు. సీజన్ నడుమ మళ్లీ ఆటగాళ్ల పేర్లు నమోదు చేస్తారు. అప్పటికి కోలుకుంటే నా చోటు నాదే, లేకపోతే ఒప్పందం ముగిసినట్టే. ఇంటికొచ్చే బస్సులో కిటికీ అద్దానికి తల ఆనించుకుని ఏడుస్తూనే ఉన్నాను. నాకు ఆట తప్ప ఇంకో పని రాదు.

ఈఎన్‌టీ డాక్టర్ ఈసారి మందులు రాయకుండా ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు. ఆవిడ మొదట నా మెడపట్టీ విప్పి పక్కన పెట్టారు. తర్వాత మాత్రల సంగతి అడిగారు. "ఎడమ వైపు లోటును పూడ్చుకోవడం మెదడు కొత్తగా నేర్చుకోవాలి. నువ్వేమో మాత్రలేసి దాన్ని జోకొడుతున్నావు, పట్టీ కట్టి తలను దాచిపెడుతున్నావు. ఇంకెప్పుడు నేర్చుకుంటుందమ్మా?" అన్నారు. ఈఎన్‌టీ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడి మాత్ర ఆపించారు.

బొటనవేలు మీద చూపు నిలిపి తల అటూ ఇటూ తిప్పడం మొదటి పాఠం. రెండోది నడుస్తూ తిప్పడం. వెనకాల ఒక మనిషి నడవాలి, చేతిలో ఏదో ఒకటి చూపించాలి. నేను ఆగకుండా, భుజం మీదుగా చూసి అదేమిటో చెప్పాలి. తల తిరుగుతుంది, తిరగనివ్వాలి.

శ్రీకాంత్‌ది ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. వెనకాల ఎవరు నడుస్తారా అని మేమిద్దరం మాట్లాడుకుంటుంటే అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"నేను నడుస్త. ఏం సూపెట్టాలె?"

"తల తిరిగేందుకే చేసే పని అత్తమ్మా. చూసి నువ్వు భయపడతవ్."

"ముల్లును ముల్లుతోనే తియ్యాలె. గంతే గద?"

అలా మొదలైంది. పొద్దున్నే మా వీధిలో నేను ముందు, కొంగులో సామాను మూటగట్టుకుని అత్తమ్మ వెనక. కాకరకాయ, దువ్వెన, టీవీ రిమోట్, ఒకరోజు చెప్పు. చెప్పు చూసి సుగుణక్క గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా, అత్తా కోడండ్లు కొట్లాడిన్రా?" అని అడిగితే అత్తమ్మ నవ్వలేక రోడ్డు మీదే కూర్చుంది.

రాను రాను ఆమె మా కోచ్‌ని మించిపోయింది. అల్లం కొమ్ము ఒకసారి, పసుపు కొమ్ము ఒకసారి చూపించేది. నడుస్తూ ఒక్క చూపులో తేడా చెప్పడం మామూలు మనుషులకే కష్టం. తప్పు చెబితే, "అందాజ కొట్టకు, సూసి చెప్పు" అని గదిమేది.

ఒకరోజు వాంతి చేసుకుని గోడ పట్టుకుని, "నాతోని గాదత్తమ్మా, ఇడిసిపెడత" అన్నాను. ఆమె నా వీపు నిమిరింది.

"నాకు మన్మడో మన్మరాలో గావాలె, అబద్ధమెందుకు? నువ్వు ఆట బంద్ జేస్తే అదైతదని మనసుల అనుకున్న గూడ. గాని గిట్ల గోడలు పట్టుకొని తిరిగే కోడలిని నేను సూడలేను. నువ్వు నడువు. ఆడుడా మానుడా అన్నది నిలవడ్డంక సోచాయించు."

ఆ మాటకు ఆమెను పట్టుకుని ఏడ్చేశాను. నా కన్నతల్లి కూడా అంత నిజం చెప్పి అంత సాయం చేసి ఉండదు.

తర్వాత సంత రోజున జనంలో నడిచాం. ఆ తర్వాత గ్రౌండ్‌కు పోయాం. శ్రీకాంత్ ఎదురు నుంచి బంతి పంపుతాడు, వెనక అత్తమ్మ ఒక పక్కకు చెయ్యి ఎత్తుతుంది. బంతి అందేలోపు చూసి, నేను రెండో పక్కకు తిరగాలి. మొదట్లో పడ్డాను, లేచాను. నెమ్మదిగా పడటం తగ్గింది.

పేర్ల నమోదు సమయానికి క్లబ్‌లో మళ్లీ పరీక్ష పెట్టారు. కోచ్ నా జెర్సీ నా చేతికిచ్చారు. మొదటి మ్యాచ్‌లో చివరి కాసేపే దించారు. మా డిఫెండర్ నాకు బంతి పంపింది. ఎడమ భుజం మీదుగా చూశాను. ఒకమ్మాయి దూసుకొస్తోంది. బంతిని నా ముందు నుంచి కుడి కాలికి పోనిచ్చి, అటు తిరిగి పాస్ ఇచ్చాను. గోల్ కాలేదు, చప్పట్లూ లేవు. చూసినవాళ్లకు అందులో ఏమీ కనపడి ఉండదు.

మ్యాచ్ అయ్యాక అత్తమ్మ ఫోన్ చేసింది. "ఎడమ దిక్కు సూసినవ్ గద? నేను ఫోన్‌ల సూసిన బిడ్డా, నేను సూసిన" అంటోంది.

ఇప్పటికీ ఆడుతున్నాను. చీకట్లో మెట్లు దిగేటప్పుడు ఒక చెయ్యి గోడ మీద ఉంటుంది. జలుబు చేస్తే ఒకట్రెండు రోజులు నేల కాస్త ఊగుతుంది. ఊగినా వ్యాయామం మానను. మనవడో మనవరాలో ఎప్పుడని అత్తమ్మ అడుగుతూనే ఉంది, నేను నవ్వుతూనే ఉన్నాను.

నాలాగా ఉన్నట్టుండి తల తిరిగినవాళ్లకు ఒకటే చెబుతాను. ఆ రోజే దవాఖానకు పోండి, మాత్ర రాస్తే అది ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు లేచి నడవాలో డాక్టర్ని అక్కడే అడగండి. నడిచేటప్పుడు ఇంట్లో ఒకరిని వెనకాల రమ్మనండి. నేను అడగకుండానే మా అత్తమ్మ వచ్చింది. మీరు మొహమాటపడకుండా అడగండి, వస్తారు.