రాక్షసుడు ఎత్తిన చేపల తట్ట

నా చిన్నప్పుడు మా హార్బరు క్వార్టర్సులో రాక్షసులతో యుద్ధాలు ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాకే జరిగేవి. యుద్ధభూమి పక్కింటి అక్క వాళ్ళ వరండా. అక్క అప్పట్లో డిగ్రీ చదువుతోంది. ఓడల్లో పనిచేసే వాళ్ళన్నయ్య ఏదో దూరదేశపు రేవు నుంచి ఆమెకో అట్టపెట్టె తెచ్చాడు. అందులో ఒక ఇంగ్లీషు పుస్తకం, చిత్రమైన పాచికలు ఉండేవి. ఒకదానికైతే ఇరవై ముఖాలు. ఒకరు కథ చెబుతూ పోవాలి. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై, ఆపద వచ్చినప్పుడు తామేం చేస్తారో చెప్పాలి. అది నెగ్గుతుందో లేదో పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే గెలుపు, చిన్నది పడితే అంతే సంగతులు.

ఆ పుస్తకం చదవగలిగింది అక్క ఒక్కతే కాబట్టి కథ చెప్పే పని ఆమెది. ఆడేవాళ్ళు మాత్రం మా అన్నయ్యా, వాడి స్నేహితులూ. అందరూ రాజులే, అందరికీ కత్తులే. ఆడపిల్ల కథ చెబితే నోరు తెరుచుకుని వింటారు గానీ, ఆడపిల్ల ఆడితే మాత్రం ఆట పాడైపోతుందట. పదేళ్ళ నాకు దక్కిన ఉద్యోగం మంచినీళ్ళు అందించడం. నాకు ఒళ్ళు మండేది.

ఒక ఆదివారం రాజుల్లో ఒకడికి గవదబిళ్ళలు వచ్చాయి. ఆ ఖాళీలో అక్క నన్ను కూర్చోమంది. అన్నయ్య మూతి ముడిచాడు. "ఈ ఒక్కపాలికే అక్కా. కథలో సచ్చిపోయిందంటే మరింక దీన్ని కూకోనివ్వం" అన్నాడు. అక్క సరేనంది. నేను నీళ్ళచెంబు పక్కన పెట్టి కూర్చున్నాను.

నువ్వెవరివని అక్క అడిగితే నాకు రాణులెవరూ గుర్తుకు రాలేదు. జాలరిపేటలో పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని బయల్దేరే మా నాన్నమ్మే కళ్ళముందు నిలిచింది. "సేపలమ్ముతాను" అన్నాను. మగపిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆ రోజు కథలో, రేవులోకి వెళ్ళే దారికి అడ్డంగా ఒక రాక్షసుడు గద పట్టుకుని నిలబడ్డాడు. రాజులు వరసగా కత్తులు దూశారు, వరసగా దెబ్బలు తిన్నారు. అన్నయ్య రాజుకైతే కాలే విరిగింది. నా వంతు వచ్చింది. తట్ట దించి, తాజా వంజరం చేప ఉంది, బోణీ చేసి మా దారి వదిలెయ్యమని బేరం పెట్టాను. పాచిక వేస్తే రెండు పడింది. వరండా అంతా చప్పట్లు. నా పని అయిపోయిందనుకున్నాను, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అక్క మాత్రం కథ ఆపలేదు. "ఆడికి నీ సేపలు నచ్చలేదు. గద ఎత్తాడు. ఇప్పుడేటి సేత్తావు?" అంది.

బేరం తెగనప్పుడు నాన్నమ్మ ఏం చేస్తుందో నాకు తెలుసు. నిండు తట్టను ఒంటరిగా నెత్తికెత్తుకోలేరు, ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. అంతసేపూ ధర మీద పోట్లాడిన మనిషైనా సరే, తట్టెత్తు బాబూ అంటే వచ్చి ఎత్తాల్సిందే. మా వైపు అదొక మర్యాద. నేను రాక్షసుణ్ణి అదే అడిగాను. తట్ట ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి, గద కింద పెట్టక తప్పదు.

అక్క పాచిక తీసి పెట్టెలో పడేసింది. "దీనికి పాచికెందుకు? తట్టెత్తమంటే ఎత్తనోడు మన ఊళ్ళో రాక్షసుల్లో కూడా లేడు" అంది. ముందుగా నవ్వింది కాలు విరిగిన రాజే. రాక్షసుడు తట్ట అందుకోవడానికి వంగగానే, మిగతా రాజులు ఆ కాలు విరిగిన రాజుని భుజాన వేసుకుని రేవులోకి పరిగెత్తారు.

గవదబిళ్ళల పిల్లాడు తిరిగొచ్చాక కూడా నన్నెవరూ లెమ్మనలేదు. వేసవి సెలవులకల్లా మరి కొందరు ఆడపిల్లలు వచ్చి చేరారు. కథలో ఒకామె మంత్రసాని, ఒకామె రైలు డ్రైవరు. వరండా చాలక మెట్ల మీద కూడా కూర్చునేవాళ్ళం.

పెద్దయ్యాక నాకు ఆ రెండు అంకె చాలాసార్లు పడింది. తప్పిన పరీక్షలున్నాయి, రాని ఉద్యోగాలున్నాయి. పడ్డ ప్రతిసారీ ఏడ్చాను, అబద్ధమెందుకు. కానీ ఏడుపు అయ్యేసరికి ఎదురుగా అక్క కూర్చుని, నేనేం చెబుతానా అని చూస్తున్నట్టే ఉంటుంది. అక్కని అలా ఎదురుచూడనివ్వడం బాగుండదని, కళ్ళు తుడుచుకుని ఏదో ఒకటి చేస్తాను.