ఘటం దాటని గెడ్డ

పెద్దూరి ప్రెసిడెంటుగారు మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, నా కూతురి చేతిలోని పలక తీసుకున్నారు. దాని మీది అక్షరాలు చూసి, “బాగా రాస్తన్నాదే గుంట! ఎండాకాలం సెలవులైపోనీ, మా బడికొచ్చేస్తాది” అన్నారు. ముద్దుగానే అన్నారు. నేను మాత్రం చెంబు కింద పెట్టి పలక వెనక్కి తీసుకున్నాను. రెండూళ్ళూ మళ్ళీ ఒకే పంచాయతీ కావాలన్నవాళ్ళు అంతవరకు కరెంటు దీపాల గురించి చెప్పారు, రోడ్డు గురించి చెప్పారు. బడి గురించి ఎవరూ అనలేదు.

మాది చిన్న ఊరు. మాకూ పెద్దూరికీ మధ్య ఒక గెడ్డ ఉంది. ఎండాకాలం అందులో ఇసకే. వానలు మొదలైతే కొండల మీది నీళ్ళన్నీ ఎర్రగా అందులోకే దిగుతాయి. నేను కాపురానికి రాకముందు రెండూళ్ళకీ ఒకటే పంచాయతీ, ఒకటే అమ్మవారు. ఏటా అమ్మవారి సంబరంలో, అమ్మవారిగా కొలిచే పసుపు రాసిన ఘటం పెద్దూరి వీధులన్నీ తిరిగి, ఇసక దాటి, మా ఊరి గుమ్మాల్లోకి వచ్చేదట. ఒక ఏడు సంబరం రోజునే అకాలపు వాన పడి గెడ్డ పారింది. ఘటం అవతలి గట్టు నుంచే వెనక్కి వెళ్ళిపోయింది. మా ఊళ్ళో ఆడవాళ్ళు హారతి పళ్ళాలతో తడుస్తూ నిలబడ్డారట. ఆ అవమానం పట్టలేక మా మావగారు ఊరందరిచేతా అర్జీ పెట్టించి పంచాయతీ వేరు చేయించారు. ప్రెసిడెంటు కూడా ఆయనే అయ్యారు. తరవాత తాటాకుల పాకలో ఒక బడి వచ్చింది. తగువు ఊరందరికీ గుర్తుంది. బడి దానివల్లే వచ్చిందన్నది పిల్లల తల్లులకే గుర్తుంది.

వేరుపడి ఏం బావుకున్నామని మా ఇంట్లో మొదట అడిగింది నేనే. విజయనగరంలో బి.ఏ. చదివేటప్పుడు దేశాలు ఎందుకు కలుస్తాయో, ఎందుకు విడిపోతాయో పేజీలకు పేజీలు రాశాను. శ్రీకాకుళంలో గుమాస్తా ఉద్యోగం చేస్తున్న మా ఆయన ఆదివారం వస్తూ తెచ్చే పేపర్లో, మన రాష్ట్రం ఒకటిగా ఉండాలా, రెండు కావాలా అన్నదే గొడవ. కలిసి ఉంటేనే బలం అని నేను మావగారితో వాదించగా వాదించగా ఆయనా మెత్తబడ్డారు. అత్తగారిది వేరే ఆశ. వేరుపడ్డాక ఘటం మా ఊరి ముఖం చూడలేదు. ప్రతి సంబరానికీ ఆవిడ గట్టు మీద నిలబడి, అవతల వినిపించే డప్పులకి దండం పెట్టి వచ్చేది. “కలిసిపోతే అమ్మోరు మన గుమ్మంలోకి వస్తాదే” అని నాతో ఎన్నిసార్లు అందో!

పలక మాట విన్న సాయంత్రమే మావగారిని అడిగాను. ఆయన చుట్ట వెలిగించుకుని, “అన్నీ మునపట్లాగే అన్నారు. రెండు బడులెందుకు మరి? నీళ్ళొచ్చినప్పుడు సూసుకుందుములే” అన్నారు.

నీళ్ళు ఎలా వస్తాయో నేను చూశాను. కిందటి వానాకాలం అవతలి గట్టున ఆవుదూడ ఒకటి మేస్తూ మేస్తూ గెడ్డలోకి దిగింది. మోకాలి లోతు కూడా లేదు. ఇక్కడ చినుకు లేదు, ఎక్కడో కొండ మీద పడ్డట్టుంది. నేను బిందె కడిగి తల ఎత్తేసరికి దూడ లేదు. ఆ రోజు నుంచి గెడ్డ పారే చప్పుడు వింటే పక్కలో ఉన్న పిల్లల మీద చెయ్యి వేసి చూసుకుంటాను.

నేను మా పంచాయతీలో ఆడ మెంబరుని. అంటే పుస్తకం ఇంటికి పంపిస్తారు, సంతకం పెట్టి తిరిగి పంపాలి. మీటింగుకి ఆడమనిషి వెళ్ళిన వాడుక లేదు. ఆ ఆదివారం రెండూళ్ళూ కలిసే కాగితం మీద సంతకాలకి బడి పాకలో మీటింగు అని తెలిసి, పిల్లల్ని వాళ్ళ నాన్నకి అప్పగించి నేనే వెళ్ళాను.

పెద్దూరి ప్రెసిడెంటుగారు నన్ను చూసి నవ్వారు. ఆయన మా అత్తగారికి అన్న వరస, మావగారికి బావ. “ఏటమ్మా, నువ్వూ వొచ్చినావా! టీ నీళ్ళేటైనా తెచ్చినావేటి?”

“లేదు పెదనాన్నగారూ. ఒక మాట అడగడానికి వచ్చాను. ఆ ఏడు ఘటం మా ఊరికి ఎందుకు రాలేదు?”

మావగారు నోట్లోంచి చుట్ట తీసేశారు. “ఇప్పుడా పాత గొడవెందుకే?”

“అడగనీ బావా! కోడలికైనా తెలియాల” అని ఆయన హుషారుగా ముందుకు జరిగారు. “పారే నీటిలోకి అమ్మోరిని దించుతామేటమ్మా? కాలు జారితే ఎవుడిది పూచీ? అప్పుడూ ఇదే సెప్పినాను. మీ మావ వినుకోలేదు.”

“మీరు చేసింది న్యాయమే” అన్నాను. మావగారు నా వైపు చూడలేదు. “అమ్మవారిని దించని నీళ్ళలోకి మా పిల్లల్ని రోజూ దించమంటున్నారు. కాలు జారితే పూచీ ఎవరిది?”

పెద్దూరి ప్రెసిడెంటుగారు చెయ్యి విదిలించారు.

“వానలకి నాల్రోజులు బడి మానేస్తే ఏటైపోద్ది? లేపోతే మీ మగోళ్ళు దాటిస్తారు.”

“గెడ్డ దసరా దాకా పారుతుంది. ఉభాల రోజుల్లో, నాట్లు పడేటప్పుడు, మగవాళ్ళంతా మడుల్లోనే ఉంటారు. ఎవరు దాటిస్తారు?”

“అయితే కలవనంతావు.”

“కలుస్తాను. ముందు వంతెన కట్టించండి. లేదంటే మా బడి ఇక్కడే ఉంటుందని రాయండి, మొదటి సంతకం నాదే. మునపట్లాగే అంటే మాత్రం పెట్టను.”

నేను కూర్చోలేదు. అప్పుడు పాక బయట నుంచి అత్తగారి గొంతు వినిపించింది. ఆవిడ నా వెనకాలే వచ్చినట్టుంది.

“అన్నియ్యా, నువ్వెప్పుడొచ్చినా మజ్జిగిస్తాను. నా మనవల్ని మాత్రం అడగకు. నాను గట్టు మీంచే దండమెట్టుకుంతాను. అమ్మోరికి నా ఇల్లు తెలీదేటి?”

మావగారు సంతకాల పుస్తకం మూసేసి, “ఇయ్యాల సంతకాలొద్దులే బావా” అన్నారు.

పెద్దూరి ప్రెసిడెంటుగారు కండువా దులుపుకుని లేచారు. “సరే, చీకట్లోనే ఉండండి. మీ బడి మేష్టరు ఉండేది మా ఊళ్ళోనే. రేపట్నించి గెడ్డ దాటతాడో, మానతాడో!”

ఇంటికి వస్తుంటే మావగారు ముందు నడుస్తూ, “సదువుకున్న కోడలు కావాలని ఏరికోరి తెచ్చుకున్నాను” అన్నారు.

“అనుభవించు మరి” అంది అత్తగారు.

ఆ రాత్రి లాంతరు దగ్గర కూర్చుంటే కిటికీలోంచి పెద్దూరి దీపాలు వరసగా కనిపించాయి. మాకు అవి ఎప్పటికి వస్తాయో తెలియదు. రాకపోతే ఊరంతా నన్నే అంటారు. భయంగానే ఉంది. అయినా మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతాను అనుకున్నాను.

ఆ మర్నాడు పొద్దున్న పిల్లలిద్దరూ పలకలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. గట్టు మీద ఇంకా ఎవరూ కనబడలేదు.

“మేష్టారు రాకపోతేనో అమ్మా?” అంది పెద్దది.

“వస్తే మంచిదే. రాకపోతే నేను చెబుతాను. వంట నాయనమ్మ చూసుకుంటుంది. బడిలో మాత్రం నన్ను అమ్మా అని పిలవకండి, అక్కడ అందరికీ పాఠం చెప్పాలి. పదండి, గంట కొట్టాలి” అన్నాను.