ముప్పై ఒకటో వారం

సినిమా హాల్లో లేచి నిలబడి తెర మీదికి అరిచానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ అరిచాను. కొత్తగూడలో మల్టీప్లెక్సు, శుక్రవారం పొద్దుటి ఆట, ముందూ వెనకా మా ఆఫీసువాళ్లే. నేను టెస్టింగ్ టీముకి లీడ్‌ని. ఎదుటివాళ్లు కట్టిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నాకు వృత్తి. ఇంట్లో అది జబ్బు అంటాడు మా ఆయన. ఆ రోజు టీమంతా కలిసి సినిమాకి వెళ్దామన్నది నేనే, ఈ సినిమాకే వెళ్దామని పట్టుబట్టిందీ నేనే. నా చిన్ననాటి నవల తెర మీదికి వస్తోందని ఆర్నెల్లుగా వాళ్ల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను.

తెర మీద రాకుమారుడు గద గిరగిరా తిప్పి ఇనుప తలుపుని ఒక్క దెబ్బతో బద్దలు కొట్టాడు. హాలంతా ఈలలు, కాగితం ముక్కలు. కథానాయిక కెవ్వుమని అరిచి, కళ్లు తేలేసి, బియ్యం మూటలాగా అతని భుజం మీద వేలాడుతోంది.

"ఒరేయ్, అది అలా కాదురా!" అన్నాను.

అంత గట్టిగా అన్నానని నాకు తెలియదు. పక్కన కూర్చున్న సిద్దిపేట అమ్మాయి, మా టీములో అందరికంటే కొత్తది, నా చున్నీ పట్టుకుని లాగింది.

"అక్కా, కూసోండ్రి. అందరు మనల్నే చూస్తున్నరు."

"చూడనీ. ఇంత అన్యాయమా? ఆ తలుపు అలా తెరుచుకోదు. ఆ పిల్ల అసలు మూర్ఛపోదు!"

"సినిమానే గదక్కా. గింత పరేషాన్ ఎందుకు? జర పాప్‌కార్న్ తినుండ్రి."

కూర్చున్నాను గానీ మిగతా సినిమా నాకు ఎక్కలేదు. ఎవరో మా ఇంట్లో దూరి, నట్టింటి గోడ కూలగొట్టి, చాలా బాగుంది కదండీ అని నన్నే అడుగుతున్నట్టు అనిపించింది.

నవల సంగతి చెప్పకపోతే నా గోల ఎవరికీ అర్థం కాదు. నా చిన్నప్పుడు అది ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఒక మాంత్రికుడు ఏడు ఊళ్ల జనం నిద్రని దొంగిలించి కొండ లోపల దాచేస్తాడు. ముసలీ ముతకా పసిపిల్లలూ ఎవరికీ రెప్ప వాలదు. పడవ నడిపేవాడి కూతురు ఒకతె ఆ నిద్రని తిరిగి తేవడానికి బయల్దేరుతుంది. దారిలో ఒక రాకుమారుడు తోడవుతాడు. పిల్లలకి రాసిందే కానీ మా వీధిలో పెద్దవాళ్లు కూడా గురువారం కోసం కాచుకునేవారు.

అప్పట్లో మాలాంటి ఇళ్లలో సీరియల్ చదివి పారేసేవాళ్లం కాదు. వారం వారం ఆ పేజీలు చింపి ట్రంకుపెట్టెలో దాచి, కథ అయిపోయాక బైండింగ్ చేయించుకునేవాళ్లం. ఆ నవల ఎందుకో విడి పుస్తకంగా ఎప్పుడూ రాలేదు. కాబట్టి బైండు చేయించిన కాపీ ఎవరింట్లో ఉంటే వాళ్లే మారాజులు. మా ఇంట్లో పేజీలు చింపే పని అమ్మది. చదివి వినిపించే పనీ అమ్మదే. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాన్న పోయి మూడు నెలలైంది. కాకినాడలో రెండు గదుల వాటా, అమ్మా నేనూ.

ముప్పై ఒకటో వారం ఆ పిల్ల కొండ లోపలి ఇనుప తలుపు దగ్గరికి చేరుతుంది. అమ్మ చదివింది నాకు ఇవాళ్టికీ నోటికి వచ్చు. రాకుమారుడి గుర్రానికి కాలు విరిగి అతను వెనకే ఉండిపోయాడు. తలుపు ముందు రాతి భూతం. ఎవరు నువ్వు అని అడిగింది. పడవవాడి కూతుర్ని, అంది పిల్ల. నాకు చాలా భయంగా ఉంది, కాళ్లు వణుకుతున్నాయి, అయినా నేను లోపలికి రావాలి, అంది. భూతం చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. ఇక్కడికి ఎందరో వచ్చారు, భయం లేదని అబద్ధమాడారు, నిజం చెప్పినదానివి నువ్వొక్కదానివే అని పక్కకి జరిగింది. అంతే. తలుపు తాళమే వేసి లేదు.

ఆ ముక్క నేను అమ్మచేత మూడుసార్లు చదివించుకున్నాను. బొమ్మ చూపించమంటే, ఈ వారం బొమ్మ లేదే, వేసేవాడికి జ్వరమట అంది. తర్వాత ఏడాది పుస్తకం బైండయి ఇంటికొచ్చాక చూసుకుంటే ముప్పై తర్వాత ముప్పై రెండు ఉంది. ఇల్లు పీకి పందిరేశాను. "బైండింగువాడు పోగొట్టి చచ్చాడే, ఏం చేస్తాం," అంది అమ్మ. పోతే పోయింది, నాకు కంఠతా వచ్చు కదా అని ఊరుకున్నాను.

ఆ మాటలు పట్టుకునే నేను బతికానంటే అతిశయోక్తి కాదు. మొదటి ఇంటర్వ్యూకి మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ ముందు దిగినప్పుడు లోపలికి వెళ్లలేక రోడ్డు మీద నిలబడి ఆ పిల్ల మాటే అనుకున్నాను. కాన్పుకి స్ట్రెచర్ మీద తీసుకెళ్తున్నప్పుడు పైకే అన్నాను, నర్సు నవ్వింది. మా అమ్మాయికి అన్నం పెడుతూ వందసార్లు చెప్పాను. అలాంటి చోట గద పెట్టారు. గద!

సినిమా అయ్యాక టీమంతా బిర్యానీ తింటుంటే నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. పాత సీరియళ్ల అభిమానులం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అందులో పేజీల కొద్దీ రాసిపారేశాను. నవల ప్రాణమంతా ముప్పై ఒకటో వారంలోనే ఉందని, ఆ ప్రాణం తీసేసి శవానికి గ్రాఫిక్స్ తొడిగారని, నవల రాసిన మహానుభావుడు బతికుంటే ఏడ్చేవాడని, సినిమాకి రాసినవాళ్లకి చదవడం వచ్చా అని. అంతటితో ఆగానా? మళ్లీ వాళ్ల కోసమని ఆ ఘట్టం మొత్తం జ్ఞాపకం నుంచి టైపు చేసి పెట్టాను.

ఎప్పుడూ చప్పట్లు కొట్టే గ్రూపు ఆ మధ్యాహ్నం గమ్మున ఉండిపోయింది. ఒకావిడ మాత్రం, ఈ ఘట్టం ఎక్కడిదండీ, నాకు గుర్తు లేదే అని అడిగింది. చదవకుండా అభిమానులెలా అయ్యారండీ అని ఆవిడ మీద కూడా విరుచుకుపడ్డాను. సాయంత్రం ఒక రిటైర్డ్ లైబ్రేరియన్ గారు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. "అమ్మా, ఏమీ అనుకోకండి. నా దగ్గర అన్ని వారాలూ ఉన్నాయి. నార్సింగిలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. రేపు వీలుంటే ఒకసారి వచ్చి చూసుకోండి."

మాటల్లో ఆ మర్యాద చూస్తేనే నాకు అనుమానం రావాలి. రాలేదు. పోయిన పేజీలు ముప్పై ఐదేళ్లకి దొరుకుతున్నాయని ఎగురుకుంటూ వెళ్లాను.

ఆయన నాకు కాఫీ ఇప్పించి, బైండు పుస్తకం గుర్తు పెట్టిన చోట తెరిచి బల్ల మీద ఉంచారు. ముప్పై ఒకటో వారం. మొదట బొమ్మ కనిపించింది. పేజీలో సగం బొమ్మే. రాకుమారుడు, చేతిలో గద, గదకి పొదిగిన రాళ్లు, భుజం మీద స్పృహ లేని ఆడపిల్ల. కింద అచ్చులో ఉంది: పడవవాడి కూతురు కెవ్వున అరిచి మూర్ఛిల్లింది, రాకుమారుడు ఒక్క గదాఘాతంతో ఆ ద్వారాన్ని తుత్తునియలు చేశాడు. మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాను. మళ్లీ చదివాను. గుర్రం కాలికి ఏమీ కాలేదు. రాతి భూతం ఒక్క మాట మాట్లాడలేదు.

"సినిమావాళ్లు ఈ కాపీనే జిరాక్సు తీసుకెళ్లారండి," అన్నారు ఆయన నెమ్మదిగా. "పొల్లు పోకుండా తీశారు పాపం."

నవల ప్రాణం తీశారని నేను తిట్టినవాళ్లు రచయిత రాసింది రాసినట్టు తీశారు. ఆయన రాయనిది ఆయనకి అంటగట్టి ఊరేగిందాన్ని నేను.

"మీరు రాసిన ఘట్టం చాలా బాగుందమ్మా. ఇంకేదో నవల్లో చదివి ఇందులో కలిపేసుకున్నారేమో గుర్తు చేసుకోండి."

"నేను చదవలేదండి," అన్నాను. "విన్నాను."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకు వెలగలేదు. కాఫీ అలాగే వదిలేసి లేచాను.

తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాక అమ్మ కొత్తగూడలో మా దగ్గరే ఉంటోంది. నేను వెళ్లేసరికి డైనింగ్ టేబుల్ దగ్గర గోరుచిక్కుళ్లు తుంపుతోంది. చెప్పులు కూడా విప్పకుండా అడిగాను.

"అమ్మా, ముప్పై ఒకటో వారం పేజీలు బైండింగువాడు పోగొట్టలేదు కదూ?"

ఏ పేజీలే, ఏ బైండింగే అని అడగాలి కదా. అడగలేదు. చిక్కుడుకాయ పళ్లెంలో పెట్టేసింది.

"ఎవరు చెప్పారు?"

"చదివొచ్చాను."

"పొయ్యిలో పెట్టేశానే," అంది. "బొమ్మతో సహా."

"ఎందుకమ్మా? నిన్న ఊరందరి మీదా పడి అరిచాను. పిచ్చిదాన్ని చేశావు కదే నన్ను!"

"అరవకు. చెప్తాను. పత్రిక రాగానే నేను ముందే చదివేశాను. ఆ పిల్ల పడిపోవడం, వాడెవడో వచ్చి తలుపు పగలగొట్టడం. సోమవారం నేను మీ నాన్న ఉద్యోగంలో చేరాలి. గడప దాటి నలుగురు మగాళ్ల ముందు నోరు విప్పి ఎరుగుదునా నేను? అన్నం సహించలేదు. నీకు చదవకుండా మూడు రోజులు దాటేశాను. ఆదివారం సాయంత్రం నువ్వు నన్ను పీక్కు తినేశావు. సరేనని పేజీ ముందేసుకున్నాను. అందులో ఉన్నది నోటికి రాలేదే. మనింటికి గద పట్టుకుని ఎవడొస్తాడు? ఉన్న ఒక్క మనిషీ పోయాడాయె. అందుకని గుర్రం కాలు విరగ్గొట్టేశాను."

నేను కుర్చీలో కూలబడ్డాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి పొలమారింది. అమ్మ లేచి మంచినీళ్లు ఇచ్చింది.

"అప్పటికప్పుడు అల్లావా?"

"అల్లడమేంటే. నాకున్నదే చెప్పాను. నువ్వేమో మళ్లీ చదువు మళ్లీ చదువు అన్నావు. మళ్లీ అదే చెప్పాలంటే చచ్చే చావయింది. మూడోసారికి నాకూ కంఠతా వచ్చేసింది. పొద్దున్న ఆఫీసు గుమ్మంలో నిలబడితే లోపల్నుంచి ఎవరమ్మా నువ్వు అని అడిగారు. మరి నేనేమన్నానో వాళ్లకి వినపడిందో లేదో గానీ లోపలికైతే వెళ్లాను."

ఇంత సంగతి కడుపులో పెట్టుకుని ముప్పై ఐదేళ్లు నాతో ఎలా ఉందో నాకు అర్థం కాలేదు. నా ఇంటర్వ్యూ రోజున, నా కాన్పు రోజున, ఆ రచయిత చల్లగా ఉండాలమ్మా అని నేనంటుంటే అవునే అని తలూపిన మనిషి. కోపం కూడా వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

"ఎలాగూ తెలిసిపోయింది, ఇంకోటి కూడా చెప్పేస్తాను," అని అమ్మ తన గదిలోకి వెళ్లింది. బీరువాలో చీరల మధ్య నుంచి ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టింది. మీద ఆ రచయిత పేరు, వారపత్రిక అడ్రసు. దస్తూరి నాది. తొమ్మిదో తరగతిలో నేను ఆయనకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. పూర్తిగా మర్చిపోయాను. ఆఫీసుకి వెళ్తూ డబ్బాలో వెయ్యమని అమ్మకిచ్చి, జవాబు కోసం పోస్టుమాన్ వెనకాల నెలల తరబడి తిరిగాను. రాకపోతే ఆయనకి పొగరనుకున్నాను.

"పోస్టు చెయ్యలేదా?"

"ఎలా చేస్తానే? నేనెప్పుడు రాశానిది అని ఆయన అడగడూ?"

కవరు అంచు కత్తితో నీటుగా కోసి ఉంది. లోపల కాగితాలు మడతల దగ్గర పల్చబడి చిరుగు పట్టాయి. ఎన్నిసార్లు విప్పి చదివితే అలా అవుతాయో నాకు తెలుసు. తలుపు దగ్గర ఆ పిల్లని మాట్లాడించిన మీ చేతికి దణ్ణం పెట్టాలని ఉంది అని రాశాను, మొదటి పేజీలోనే.

"మరి ఇదీ పొయ్యిలో పెట్టెయ్యాల్సింది, ఆ పేజీల్లాగే," అన్నాను.

అమ్మ కాగితాలు నా చేతిలోంచి తీసుకుని ఎలా ఉన్నవి అలా మడిచింది.

"నాకొచ్చిన ఉత్తరం కదే," అంది. "ఎందుకు కాలుస్తాను?"